పప్పు వద్దు, పెరుగు వద్దు, ఉల్లి వద్దు... మరి తినేదేమిటి?

ముస్లిముల ఇల్లు అనగానే పూటపూటా పొయ్యి మీద మాంసం ఉడుకుతూ ఉంటుందని మన ఇరుగుపొరుగువారిలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మన ఇళ్ళ సంగతి మనకు తెలుసు. మాది కడప. మా వీధిలో చాలా ఇళ్ళలో జుమా నాడో ఆదివారం నాడో ఒక పూట మాంసం వండుతారు. తక్కిన రోజులన్నీ పప్పు, ఖట్టా, వేరుశనగ చట్నీ, పెరుగుతోనే గడిచిపోతాయి. ధర అందుకోలేక కొందరు, వయసు మీదపడి కొందరు, చిన్ననాటి నుండి ఆ వాసన గిట్టక కొందరు మాంసానికి దూరంగానే ఉంటారు. మా చిన్న తోడికోడలు ఈ చివరి కోవకు చెందిన మనిషి. బక్రీదుకు రెండు ముక్కలు మర్యాద కోసం నోట పెట్టుకుంటుంది. చేప వండిన రోజున వంటింటి వైపే రాదు. ఆమె భోజనమంతా పప్పు మీద, పెరుగు మీద నిలిచి ఉండేది.

అటువంటి మనిషికి నిరుడు బక్రీదు తర్వాత కడుపునొప్పి పట్టుకుంది. భోజనం చేసిన గంటకు పొట్ట తప్పెటలా బిగిసేది. ఒక వారం విరేచనాలు, మరో వారం మలబద్ధకం. పరీక్షలు చేయించగా పేగులలో పుండు గానీ వాపు గానీ లేదని తేలింది. దీనిని ‘ఇరిటబుల్ బొవెల్ సిండ్రోమ్’ అంటారని, పేగు చూడడానికి బాగానే ఉన్నా దాని స్పందన అతిగా ఉంటుందని వైద్యుడు చెప్పారు. ఒక అచ్చు కాగితం చేతికిచ్చారు. అందులో పై భాగమంతా మానవలసినవే: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాలు, శనగలు, పాలు, పెరుగు, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు, మామిడి, పుచ్చకాయ, ఆపిల్, తేనె. కింది భాగంలో తినదగినవి: అన్నం, గుడ్డు, కోడిమాంసం, మేకమాంసం, చేప. ‘పప్పు మానితే ఏం తినాలండీ?’ అని ఆమె అడిగితే, ఆయన ఆమె నఖాబును చూసి, ‘మీకేమమ్మా ఇబ్బంది? మాంసం తింటారు కదా!’ అన్నారట.

ఆ ఒక్క మాట మా ఇంటిని మూడు నెలలు అల్లకల్లోలం చేసింది.

ఆమె మాంసం తినలేదు. కాగితంలో వద్దన్నవన్నీ మాత్రం నిష్ఠగా మానేసింది. నొప్పి తగ్గిన మాట వాస్తవమే. పది పన్నెండు రోజులలోనే పొట్ట ఉబ్బరం సగానికి సగం తగ్గింది. దానితో ఆ కాగితం మీద ఆమెకు గురి కుదిరింది. ఇక ఏది తిరిగి తినాలన్నా భయమే. అన్నం, బంగాళదుంప వేపుడు, టమాటా చారు – మూడు నెలలు ఇదే భోజనం. యాభై నాలుగు కిలోల మనిషి నలభై ఎనిమిదికి దిగింది. దువ్వెన నిండా జుట్టు. మెట్లెక్కితే ఆయాసం. ఉమ్మడి ఇంట్లో ఒక మనిషి తిండి మారితే ఆ కష్టం ఆ మనిషి దగ్గరే ఆగిపోదు. మరిది విసుక్కునేవాడు. పిల్లలు ‘అమ్మీకి వేరే గిన్నె ఎందుకు?’ అని అడిగేవారు. మా అత్తగారికైతే ఇదంతా కోడలి పట్టుదలగానే తోచింది. ‘బేటీ, అల్లాహ్ హలాల్ చేసినదాన్ని నీకు నీవే హరాం చేసుకుంటున్నావు. ఇది మంచిది కాదు’ అని ఒకనాడు ఆమె గట్టిగానే అన్నారు. చిన్నది ఏడుస్తూ నా గదికి వచ్చి, ‘అక్కా, నేను నిజంగా తప్పు చేస్తున్నానా?’ అని అడిగింది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

ముందుగా ఈ పథ్యమేమిటో తెలుసుకుందాం. ఆస్ట్రేలియా దేశంలోని మెల్‌బోర్న్ నగరంలో మోనాష్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ అనే పరిశోధకులు 2005లో కొన్ని రకాల చక్కెరలను ఒక జాబితాగా చేర్చి వాటికి ‘ఫాడ్‌మ్యాప్’ అని పేరు పెట్టారు. గోధుమలో, ఉల్లిలో, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు, పప్పుధాన్యాలలో ఉండే గెలాక్టాన్లు, పాలలోని లాక్టోజ్, తేనెలో, మామిడిలో గ్లూకోజ్‌ను మించి ఉండే ఫ్రక్టోజ్, కాలీఫ్లవర్, పుట్టగొడుగుల వంటి వాటిలోని పాలియాల్స్ – ఇవే ఆ జాబితాలోనివి. ఇవి చిన్నపేగులో సరిగా ఇంకవు. తమ వెంట నీటిని లాక్కుంటూ పెద్దపేగుకు చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులు వీటిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. ఇది అందరి కడుపులోనూ జరిగేదే. పప్పు తిన్న ప్రతి మనిషి కడుపులోనూ కొంత గాలి పుడుతుంది. అయితే పేగు నరాలు సున్నితమైనవారికి అదే గాలి భరించరాని నొప్పి అవుతుంది. అందువల్ల ఈ ఆహారాలు చెడ్డవి అనుకోవడం పొరపాటు. వీటిలో చాలావరకు పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు మేత. దీర్ఘకాలం మానితే ఆ జీవుల సంఖ్య తగ్గిపోతుందని కూడా పరిశోధనలలో కనిపించింది.

ఈ పథ్యానికి మూడు అంచెలున్నాయి. మొదటి అంచెలో రెండు నుండి ఆరు వారాల పాటు జాబితాలోనివన్నీ తగ్గిస్తారు. రెండవ అంచెలో ఒక్కొక్క రకాన్ని విడివిడిగా తిరిగి ఇచ్చి ఏది పడుతుందో, ఏది పడదో, ఎంతవరకు పడుతుందో చూస్తారు. మూడవ అంచెలో పడినవన్నీ తిరిగి భోజనంలోకి వచ్చేస్తాయి, పడనివి మాత్రమే ఆగుతాయి. మా ఇంటికి వచ్చిన కాగితంలో మొదటి అంచె ఒక్కటే ఉంది. ఎన్నాళ్ళు మానాలో అందులో లేదు. తర్వాత ఏం చేయాలో లేదు. మాంసం తినని మనిషికి బదులుగా ఏమివ్వాలో అసలే లేదు.

ఈ మూడవ లోటే అన్నిటికన్నా పెద్దది. హైదరాబాద్‌లో ఉన్న ఒక ఆహార నిపుణురాలితో ఫోనులో మాట్లాడినప్పుడు ఆమె మొట్టమొదట అడిగింది నొప్పి గురించి కాదు. ‘జబ్బుకు ముందు మీ తోడికోడలు రోజుకు ఎంత పప్పు తినేది? ఎంత పెరుగు?’ అని అడిగారు. నేను లెక్క చెప్పాను. ఆమె అవతల కలం పట్టి కూడిక చేశారు. ఆ లెక్కను ఇక్కడ రాస్తున్నాను. ప్రతి ఇంటికీ ఇది పనికివస్తుంది.

భారతీయులకు ఏ పోషకం ఎంత కావాలో నిర్ణయించేది హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో మన హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. యాభై నాలుగు కిలోల స్త్రీకి అది రోజుకు సుమారు నలభై ఐదు గ్రాములు. మా తోడికోడలు పూర్వం రోజుకు అరవై గ్రాముల పప్పు తినేది. అందులో పద్నాలుగు గ్రాములు. పాలు, పెరుగు కలిపి నాలుగు వందల మిల్లీలీటర్లు. అందులో పన్నెండు గ్రాములు. అంటే అవసరంలో సగానికి పైగా ఆ రెండిటి నుండే వస్తూ ఉండేది. మిగిలినది అన్నం, చపాతీలు, వేరుశనగ చట్నీ పూడ్చేవి. కాగితం వచ్చి పప్పునూ పెరుగునూ చపాతీనీ ఒక్కరోజులో తీసేసింది. రెండు వందల గ్రాముల బియ్యం వండితే పదిహేను గ్రాముల మాంసకృత్తులు. బంగాళదుంపలో, కూరలలో మరి కొంచెం. నలభై ఐదు కావలసిన మనిషి ఇరవైతో మూడు నెలలు గడిపింది. ఆరు కిలోలు ఎక్కడికి పోయాయో అప్పుడు నాకు అర్థమైంది.

రోజూ మాంసం తినేవారింట ఇదే పథ్యం ఇంత హాని చేయదు. మాంసంలోనూ చేపలోనూ గుడ్డులోనూ ఈ చక్కెరలు లేవు కనుక వారి భోజనంలో ముఖ్యభాగం పళ్ళెంలో అలాగే ఉంటుంది. కూరలో ఉల్లి, వెల్లుల్లి మాత్రం మారితే చాలు. పప్పే మాంసం స్థానంలో ఉన్న మనిషికి పళ్ళెం ఖాళీ అవుతుంది. కాబట్టి మాంసం తక్కువ తినేవారు ఏది తీయాలి అన్నదానికన్నా ముందు, తీసినదాని చోట ఏది పెట్టాలి అన్నది నిర్ణయించుకోవాలి. పెట్టేది సిద్ధం కాకముందు తీయడం మొదలుపెట్టకూడదు.

ఆ నిపుణురాలు అడిగిన రెండో ప్రశ్న మమ్మల్ని మరింత చిక్కులో పడేసింది. ‘గోధుమ మాన్పించే ముందు సీలియాక్ పరీక్ష చేయించారా?’ చేయించలేదు. గోధుమలోని గ్లూటెన్‌కు శరీరమే ఎదురుతిరిగి పేగును దెబ్బతీసే వ్యాధి అది. లక్షణాలు మా తోడికోడలికి ఉన్నటువంటివే. దానికి రక్తపరీక్ష ఉంది. అయితే గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే ఆ పరీక్ష సరిగా పలుకుతుంది. మూడు నెలలుగా గోధుమ ముట్టని మనిషి రక్తంలో వ్యాధి ఉన్నా కనబడకపోవచ్చు. కనుక ఆమె ఆరు వారాల పాటు రోజూ చపాతీలు తిని, ఆ నొప్పినంతా మళ్ళీ భరించి, ఆపై రక్తమిచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్, ఆ వ్యాధి లేదని తేలింది. ముందే ఒక మాట చెప్పి ఉంటే ఆ ఆరు వారాల బాధ తప్పేది కదా అని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది.

తర్వాత పథ్యం మళ్ళీ మొదటి నుండి ప్రారంభమైంది. ఈసారి నాలుగు వారాలే అని గడువు పెట్టి, గోడ మీది క్యాలెండరులో చివరి రోజు చుట్టూ గీత గీసి మరీ మొదలుపెట్టాము.

మాంసకృత్తుల కోసం రోజుకు రెండు గుడ్లు. వాటి నుండి పన్నెండు గ్రాములు. గుడ్డంటే ఆమెకు అయిష్టం లేకపోవడం దేవుడు చేసిన మేలు. గుప్పెడు వేరుశనగలు, అంటే ముప్పై గ్రాములు. వాటిలో ఏడు. వేరుశనగ కాయధాన్యమే అయినా కందులలో, శనగలలో ఉన్నంతగా ఆ చక్కెరలు అందులో లేవు. మా కడప ఇళ్ళలో పల్లీ చట్నీ లేని పూట ఉండదు కనుక ఇది కొత్తగా నేర్చుకోవలసిన విషయం కాలేదు, వెల్లుల్లి వేయకపోవడం తప్ప. యాభై గ్రాముల పన్నీరు. పాలు విరిచి నీరు వార్చినప్పుడు లాక్టోజ్‌లో చాలాభాగం ఆ నీటితోనే వెళ్ళిపోతుంది. అందువల్ల పాలు పడనివారికి కూడా కొద్దిపాటి పన్నీరు సాధారణంగా పడుతుంది. అందులో తొమ్మిది గ్రాములు. లాక్టోజ్ తీసేసిన పాలు ఇప్పుడు పట్టణాలలో దొరుకుతున్నాయి. ఒక గ్లాసుకు ఆరు గ్రాములు, సున్నం అదనం. అన్నంతో కలిపి చూస్తే నలభై ఐదు దాటింది. మీల్ మేకర్ వండవచ్చా అని నేను అడిగాను. సోయాపిండిలో ఆ చక్కెరలు అలాగే ఉంటాయి కనుక ఈ నాలుగు వారాలు వద్దన్నారు. సోయాపాలు విరిచి గట్టిగా పిండిన టోఫు మాత్రం ఫరవాలేదట. కడపలో దానికోసం వెతకడం నాకు సాధ్యం కాలేదు.

పప్పును పూర్తిగా వదలలేదు. గెలాక్టాన్లు నీటిలో కరుగుతాయి. పెసరపప్పును రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరే నీటిలో ఉడికించి, ఆ నీటిని కూడా వార్చి, చిన్న గిన్నెడు మాత్రం పెట్టేవాళ్ళం. పప్పు కట్టుతో చారు కాచుకునే మనకు ఆ నీరు పారబోయడం మనసుకు కష్టమే. మా అత్తగారు దాన్ని మేకలకు పోయించేవారు. గోధుమ చపాతీల చోట జొన్నరొట్టె వచ్చింది. రాయలసీమలో ఇది పథ్యమా, పండుగా అన్నట్లే ఉంటుంది. పిల్లలందరూ అదే కావాలన్నారు. పాలకూర, వంకాయ, బీన్స్, క్యారట్, దోసకాయ, టమాటా మితంగా వాడాము. పండ్లలో బొప్పాయి, నారింజ, మరీ మగ్గని అరటి. బాగా మగ్గిన అరటిలో ఫ్రక్టాన్లు పెరుగుతాయని ఎవరూ ఊహించరు.

ఇక ఉల్లి, వెల్లుల్లి. మన వంటలో ఈ రెండూ లేకుండా తాళింపే లేదు. ఒక చిన్న విజ్ఞానం ఇక్కడ ఇల్లాలికి గొప్ప సాయం చేస్తుంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే షేర్వాలో ఉడికిన ఉల్లిముక్కలను ఏరి పక్కన పెట్టినంత మాత్రాన లాభం లేదు. అవి అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటాయి. దానికి భిన్నంగా, ఉత్త నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి, నీటి తడి తగలకముందే రెబ్బలన్నీ తీసేస్తే, రుచి, వాసన నూనెలో నిలుస్తాయి, నొప్పి కలిగించేది రెబ్బలతో బయటికి పోతుంది. ఆ నూనెను ఏ పూటకాపూట చేసుకోవడం మంచిది. సీసాలో పోసి గట్టు మీద రోజుల తరబడి ఉంచితే ప్రాణాంతకమైన విషం పుట్టే ప్రమాదం ఉంది. ఉల్లికాడలలో తెల్లని గడ్డ వదిలి పచ్చని భాగం వేసుకోవచ్చు. చిటికెడు ఇంగువ వేసినా ఉల్లి లేని లోటు కొంత తీరుతుంది. బజారు ఇంగువలో గోధుమపిండి కలుపుతారు కనుక సీలియాక్ ఉన్నవారు డబ్బా మీద చదివి కొనాలి.

మాంసం తక్కువ తింటూ పాలు కూడా తగ్గించిన మనిషికి బి12 విటమిన్ లోపిస్తుంది. అది మాంసం, చేప, గుడ్డు, పాలు వంటి జంతు సంబంధమైన ఆహారంలోనే సహజంగా లభిస్తుంది. ఆమెకు రక్తపరీక్షలో అది తక్కువగానే వచ్చింది. మందు రాయించుకునేటప్పుడు మనవారు ఒక సంగతి అడగడం మేలు. గొట్టం మాత్రల పైతొడుగు ఎక్కువగా జంతువుల చర్మం, ఎముకల నుండి తీసిన జెలటిన్‌తో చేస్తారు. బిళ్ళ రూపంలో ఉన్న మందు కావాలని వైద్యుణ్ణి అడిగితే ఈ సందేహానికి తావుండదు. రక్తహీనత కూడా ఉంది కనుక భోజనం కాగానే టీ తాగే అలవాటు మాన్పించాము. టీ ఆకుకూరలలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అన్ని ఆంక్షలనూ సహించిన ఆ పిల్ల ఈ ఒక్క టీ దగ్గర మాత్రం నాతో పోట్లాడింది.

అత్తగారి మాట సంగతి ఇంకా మిగిలి ఉంది. హలాల్‌ను హరాం చేసుకోవడం నిజంగానే తీవ్రమైన విషయం. దివ్యఖుర్‌ఆన్ దానిని వారించింది కూడా. అయితే ఒకదానిని నిషిద్ధమని ప్రకటించడం వేరు, రోగి తన ఒంటికి పడదని కొన్నాళ్ళు పక్కన పెట్టడం వేరు. మా మసీదులో పాఠం చెప్పే మౌలానాగారిని మా మామగారు ఈ విషయమై అడిగారు. ఆయన ఉమ్ముల్ మున్జిర్ (రజి) ఉల్లేఖించిన హదీసును వినిపించారు. దైవప్రవక్త (సల్లం) ఆమె ఇంటికి విచ్చేశారు. వెంట అలీ (రజి) ఉన్నారు. ఆయన అప్పుడే జబ్బు నుండి కోలుకుంటున్నారు. ఇంట్లో ఖర్జూరపు గెలలు వేలాడుతున్నాయి. దైవప్రవక్త (సల్లం) వాటిని ఆరగిస్తుండగా అలీ (రజి) కూడా చేయి చాచారు. నీవింకా నీరసంగా ఉన్నావంటూ ఆయన వారించారు. ఆ తర్వాత ఆ ఇల్లాలు ఆకుకూర, యవలు వండి తెస్తే, ఇది నీకు ఎక్కువ మేలు చేస్తుందని అలీ (రజి)కి సూచించారు. ఖర్జూరం కన్నా పవిత్రంగా మనం చూసుకునే పండు మరొకటి ఏముంది? ఒకే ఇంట్లో, ఒకే సమయంలో అది ఒకరికి ఆహారమైంది, మరొకరికి వద్దన్నది అయింది. (యవలలో ఫ్రక్టాన్లు దండిగా ఉంటాయి కనుక మా తోడికోడలి పథ్యంలో వాటికి చోటు లేదు. ఈ హదీసును వంటకంగా కాక, పద్ధతిగా గ్రహించాలని మౌలానాగారే నవ్వుతూ అన్నారట.)

తేనె విషయమూ అటువంటిదే. తేనెలో స్వస్థత ఉందన్న దైవవాక్కు మీద మన విశ్వాసం సడలనక్కర లేదు. కానీ ఫ్రక్టోజ్ ఇంకని కడుపుకు, ఆ పరీక్షాకాలంలో, చెంచాల కొద్దీ తేనె పట్టించడం ఆ వాక్కుకు చేసే సేవ కాదు. ప్రేమతో తేనె సీసాలు తెచ్చిన బంధువులను నొప్పించకుండా చెప్పడానికి నాకు చాలా మాటలు ఖర్చయ్యాయి. మాంసం తినని ముస్లిమేమిటని ఎగతాళి చేసిన ఒక ఖాలాకు మాత్రం కొంత ఘాటుగానే జవాబిచ్చాను. మాంసం తినడం ఈమాన్‌కు షరతు కాదు. దైవప్రవక్త (సల్లం) గృహంలో నెలకు నెల పొయ్యి రాజుకోని రోజులుండేవని, ఖర్జూరం, నీరే ఆధారమయ్యేవని ఆయిషా (రజి) తెలిపిన సంగతి ఆ ఖాలాకు తెలియనిది కాదు.

వలీమాలు, దావత్‌లు రాకుండా ఉండవు. బిర్యానీ నిండా వేయించిన ఉల్లి. దాల్చా నిండా శనగపప్పు. దైవప్రవక్త (సల్లం) ఏ భోజనానికీ వంక పెట్టేవారు కాదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలేసేవారని మనం విన్నదే. ఆమె ఇంట్లో ముందే కొంత తిని వెళ్ళేది. అక్కడ తెల్ల అన్నం, ఉడికిన గుడ్డు, దోసకాయ ముక్కలు పెట్టుకుని కూర్చునేది. ఎందుకు తినడం లేదని అడిగినవారికి ‘వైద్యం జరుగుతోంది, దుఆ చేయండి’ అని ఒక్క మాట. జాబితాలన్నీ ఏకరువు పెడితే ఆతిథ్యమిచ్చినవారి మనసు చిన్నబోతుంది.

నాలుగు వారాలు ముగిశాయి. నొప్పి తగ్గింది. ఈసారి బరువు తగ్గలేదు, పైగా ఒక కిలో పెరిగింది. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. మొదట పాలు. మిగిలిన పథ్యమంతా యథాతథంగా ఉంచి, మొదటి రోజు పావు గ్లాసు, రెండవ రోజు అర, మూడవ రోజు ఒక గ్లాసు. ఒక నోటుపుస్తకంలో తిన్నది, తిన్న వేళ, కడుపు పరిస్థితి, నిద్ర, నెలసరి రోజులు అన్నీ రాయించాము. నెలసరికి ముందు చాలామందికి ఉబ్బరం సహజంగానే ఉంటుంది కనుక ఆ రోజులలో కొత్తది ఏదీ ఇవ్వలేదు. మూడు రోజులకూ పాలు ఏమీ చేయలేదు! అయిదు నెలలుగా అకారణంగా వదులుకున్న పెరుగు గిన్నె ముందు కూర్చుని ఆ పిల్ల బిస్మిల్లాహ్ అని మొదటి ముద్ద నోట పెట్టుకున్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ప్రతి రకానికీ మధ్య రెండు మూడు రోజులు విరామమిచ్చాము. గోధుమ ఒక చపాతీ వరకు పడింది, రెండు దాటితే బరువు. కందిపప్పు చిన్న గిన్నెడు పడింది, పెద్ద గిన్నెడు పడలేదు. మామిడి ఆ రుతువులో లేదు కనుక తేనెతో చూశాము, చెంచాడు వరకు ఇబ్బంది లేదు. కాలీఫ్లవర్ కొంచెం కష్టపెట్టింది. ఉల్లి పరీక్ష మాత్రం మొదటి రోజే ఆపవలసి వచ్చింది. అర ఉల్లిపాయకు రెండు గంటలలో పాత నొప్పి ఉన్నదున్నట్లు తిరిగి వచ్చింది. వెల్లుల్లి కూడా ఆ దారే. పదమూడు రకాలు మానమన్న కాగితం చివరకు రెండు వస్తువుల దగ్గర ఆగింది, మరి రెండు మూడింటికి కొలత వచ్చింది. పడదన్నదాన్ని కూడా ఆరు నెలలకోసారి మళ్ళీ చూడాలని ఆ నిపుణురాలు చెప్పారు. కడుపు తీరు ఎల్లకాలం ఒకేలా ఉండదట.

ఇది చదివి ఎవరికి వారు పథ్యం మొదలుపెట్టకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, యాభై ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉండడం – వీటిలో ఏది ఉన్నా ముందు వైద్యుడు, తర్వాతే వంటిల్లు. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఆహారం తీసివేయరాదు. ఏదైనా తినగానే పెదవులు వాచి ఊపిరి ఆడనివారిది వేరే జబ్బు. అది అలర్జీ. అటువంటివారు ఇంట్లో తిరిగి తిని చూడడం ప్రాణం మీదకు తెస్తుంది. అందరికీ ఈ పథ్యం పనిచేస్తుందని కూడా లేదు. ఆరు వారాలకు గుణం కనబడకపోతే దానిని ఆపి, మామూలు భోజనానికి తిరిగి వచ్చి, మరో మార్గం వెతకాలి.

రమజాన్ నెలలో మాత్రం దీనిని మొదలుపెట్టవద్దు. పగలంతా ఉపవాసముండి రెండు పూటలలో ఇన్ని లెక్కలు చూసుకోవడం సాధ్యం కాదు. ఇఫ్తార్‌లో మనం పేర్చే శనగలు, పుచ్చకాయ, హలీమ్, గుప్పెళ్ళకొద్దీ ఖర్జూరాలు దాదాపు అన్నీ ఆ జాబితాలోనివే. నిజంగా జబ్బుతో ఉన్నవారికి ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు ఎలాగూ ఉంది. మా ఇంట్లో పరీక్షలన్నీ రమజాన్ నెలవంకకు పది రోజుల ముందే పూర్తయ్యాయి. ఆమె ఉపవాసాలన్నీ ఉంది. ఒక్క ఖర్జూరంతో విరమించి, గుడ్డు, జొన్నరొట్టె, పెరుగు, చిన్న గిన్నెడు పప్పుతో నెల గడిపింది.

పండుగ ముందు రోజు మా అత్తగారు చిన్న కోడలిని పిలిచి షీర్ ఖుర్మాలో ఏమేం వేయవచ్చో ఒక్కొక్కటిగా అడిగారు. పాలు పడతాయి. సేమ్యా గోధుమదే, అరకప్పు వరకు ఫరవాలేదు. ఖర్జూరం రెండు ముక్కలు. జీడిపప్పు, పిస్తాలలో ఆ చక్కెరలు ఎక్కువని నిపుణురాలు చెప్పడంతో వాటి బదులు నాలుగు బాదంపలుకులు. పండుగనాడు ఈద్‌గాహ్ నుండి మగవారు తిరిగి వచ్చేసరికి పెద్ద గిన్నె పక్కన ఒక చిన్న గిన్నె కనిపించింది. మధ్యాహ్నం బిర్యానీకి కూడా రెండు దేగిషాలు ఎక్కాయి. చిన్నదానిలో ఉల్లి లేదు, వెల్లుల్లి తీసేసిన నూనె, అల్లం, దాల్చినచెక్క, లవంగం, పుదీనా, మాంసం బదులు వేయించిన పన్నీరు. చిన్న దేగిషా ముందు ఖాళీ అయింది. పిల్లలు దాని చుట్టూ చేరడంతో మా తోడికోడలికి ఒక గరిటెడు కూడా మిగలదేమోనని అత్తగారు వాళ్ళను అదిలించవలసి వచ్చింది.